తొలి బండ బొట్టు

ఆషాఢం వచ్చిందని సాయిశ్రీని ముప్పాళ్ళలో పుట్టింట దింపి, వెంకటేష్ ఆ పొద్దే బందరు బస్సెక్కాడు. అక్కడ రేవు దగ్గరి పాత చర్చిలో పగిలిన నేల పెళ్ళగించి కొత్త బండలు పరిచే పని. బండలు మాచర్ల దగ్గర వాళ్ళ సొంత క్వారీవే.

పెళ్ళయి రెండు నెలలు. మామిడిముక్క కొరికినా ఫొటో తీసి పంపుకునేంత మురిపెం. అలాంటిది, ఇప్పుడు అతను ఫోనెత్తితే చర్చి కబుర్లే.

"కట్టించింది తెల్లోళ్ళేనంట గానీ, నేలకి పరిచింది మన పల్నాటి రాయేనే! కృష్ణలో పడవల మీద తెచ్చారంట. సుష్మిత గారు చెప్పారు."

సుష్మిత ఆ ఊరి కాలేజీలో లెక్చరరు, చర్చి చరిత్ర పుస్తకంగా రాస్తోంది. తుపానుకు కప్పెగిరిపోతే జాలర్లు తెరచాపలు కప్పి ప్రార్థన సాగించారని సుష్మిత గారు చెప్పారు. గంట ఏదో మునిగిన ఓడలోదని సుష్మిత గారు చెప్పారు. సాయిశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. హిస్టరీలో డిగ్రీ చేసిన పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని, పాఠాలు ఇంకొకత్తె దగ్గరా?

ఒక సాయంత్రం అసలు మాట బయటపడింది.

"రేపే తొలి బండ. బొట్టు సుష్మిత గారి చేత పెట్టిద్దామంటున్నాడు మేస్త్రీ బ్రహ్మం మామ."

వాళ్ళ ఇంటివాళ్ళు ఎక్కడ నేల పరిచినా, తొలి బండ అడుగువైపు ఇంటి కోడలు కుంకుమ పెట్టాలి. ఆ బొట్టు పడందే బ్రహ్మం తాపీ పట్టడు. పెళ్ళైన మర్నాడే అత్త రాఘవమ్మ కుంకుమ భరిణె చేతిలో పెట్టి, "ఇంక ఇది నీ వంతు తల్లీ" అంది. ఇంతవరకూ ఒక్క బండకైనా పెట్టే మోక్షం కలగలేదు.

"మరి నేనేమైపోయా?"

"ఆషాఢంలో ఎట్టొస్తావే? అమ్మ ఊరుకోదు."

"అత్తాకోడళ్ళు ఒకే గడప తొక్కకూడదన్నారు. ఆ చర్చి మీ అమ్మదా ఏంది?"

తెల్లారేసరికి బస్సులో ఉంది.

చర్చి నిండా ఉప్పుగాలి. బల్లలన్నీ గోడవారకు జరిపారు. నడిమధ్య బండ అడుగువైపు పైకొచ్చేలా పడుకోబెట్టి ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద సుష్మిత, తను ఊహించుకున్నదానికంటే అందంగా, కుంకుమలో వేలు ముంచి.

"ఆగండి!"

ఆ గోడలు ఆ మాటను రెండుసార్లు అన్నాయి. వెంకటేష్ మొహం వెలిగి, అంతలోనే పాలిపోయింది. బ్రహ్మం ముసిముసిగా నవ్వాడు. "జరగమ్మా, కోడలుపిల్ల వచ్చింది."

సుష్మిత లేచి పక్కకు నిలబడింది. సాయిశ్రీ భరిణె తీసి, బండ నడుమ రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. చల్లటి రాయి వేలికి తగలగానే ఒళ్ళంతా జిల్లుమంది.

"పక్కన చిన్న చుక్క నేనూ పెట్టనా?" సుష్మిత ఆశగా అడిగింది. "ఏడాదిగా ఈ నేల గురించే రాస్తున్నాను."

సాయిశ్రీ మనసు కాస్త మెత్తబడబోయింది. పడనివ్వలేదు.

"పైన కనపడే చరిత్రంతా మీదేనండీ. ఈ అడుగు మాత్రం నాది."

బండ బోర్లించారు. బొట్టు భూమిలోకి వెళ్ళిపోయింది.

"ఇంత కుళ్ళేందే నీకు?" వెంకటేష్ చెవిలో గొణిగాడు.

"చానా ఉంది," అంది సాయిశ్రీ, ఎర్రటి వేలు అతని తెల్లచొక్కాకు తీరిగ్గా తుడుస్తూ, సుష్మిత చూస్తుండగానే.