బుధవారం సాంబ్రాణి

నేను ఒక ఇత్తడి ధూపపాత్రను. గుప్పెడు నిప్పులు పట్టే గిన్నె, దానికి జానెడు పిడి. ప్రస్తుతం పాతసామాన్ల కొట్లో, విరిగిన కుళాయిల మధ్య పడి ఉన్నాను. కొట్టువాడు నన్ను కరిగించడానికి పంపకుండా పక్కన పెట్టాడు. దేవుడి వస్తువట, పాపం తగులుతుందట. నా సంగతి తెలిస్తే అంత మర్యాద చేసేవాడు కాదు.

శ్రీకాకుళం వైపు ఒక కంచరి నన్ను పోతపోసి, చింతపండుతో తోమి, "మంచి ఇంట పడవే తల్లీ" అని పంపాడు. మంచి ఇల్లే అన్నారందరూ. తణుకులో లెక్కల మేష్టారు కోదండం గారిల్లు. వీధిలో ఎవరూ ఆయన గొంతు పెంచగా వినలేదు. ఇంట్లో కూడా పెంచేవాడు కాదు. చేతికే పని చెప్పేవాడు.

ఆయన భార్య నాగవేణి వంటలో చెయ్యి తిరిగిన మనిషి. అయినా వారానికి రెండుసార్లు ఏదో ఒకటి మాడేది. మధ్యాహ్నం భోజనానికి ఆయన వచ్చే వేళయ్యేసరికి ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద కూర వదిలి వీధి కిటికీ దగ్గరకు పరుగెత్తి, సైకిలు మలుపు తిరిగిందేమోనని చూసేది. కూర మాడితే కొడతాడని భయం. ఆ భయానికే కూర మాడేది. లెక్కల మేష్టారికి ఈ లెక్క ఎప్పుడూ తట్టలేదు.

మాడు వాసన మొండిది. కూర పారబోసి, గిన్నెను పెరట్లో బూడిదకుప్పలో దాచినా, అది పరదాలకూ తలగడలకూ ఆమె జడకూ పట్టుకుని వేలాడేది. తలుపులన్నీ బార్లా తీసి చాపతో విసిరినా పోయేది కాదు. ఒక బుధవారం కంద కూర మాడింది. ఆయన రావడానికి ఇంకా పావుగంట. దిక్కుతోచక దేవుడి గూట్లోంచి నన్ను దించి, నిప్పులు వేసి, గుప్పెడు సాంబ్రాణి చల్లింది. నా శాయశక్తులా పొగ వదిలాను.

కంగారులో ఆమె ఒకటి మరిచిపోయింది. మా వైపు ఇళ్ళలో సాంబ్రాణి వేసేది శుక్రవారం.

"ఇవాళ బుధవారం కదా?" అన్నాడాయన చెప్పులు విప్పుతూ.

"మొక్కుకున్నానండీ. వినాయకుడికి. పదహారు బుధవారాలు."

ఆ పూటకి గండం గడిచింది. తర్వాత మంగళవారం పప్పు అడుగంటితే ఆంజనేయస్వామి, శనివారం పాలు మాడితే వెంకన్న. ఏడాది తిరిగేసరికి ఆమె మొక్కని దేవుడు లేడు. "భక్తంటే వేణిదేనమ్మా" అని వీధిలో ఆడవాళ్ళు చెప్పుకునేవారు. పక్కింటి హైమావతమ్మ అయితే గోడ మీదుగా చేయి చాచి నా పొగను కళ్ళకద్దుకునేది. నాకూ కాస్త గర్వం తలకెక్కింది.

ఒకరోజు పెరట్లో ఆయన కాలు బూడిదకుప్పకు తగిలి నల్లటి గిన్నె బయటపడింది. ఆ రోజు జరిగింది చెప్పను. అప్పటినుంచి ఆయనకు మాడు వాసన వెతుక్కునే శ్రమ తప్పింది. నా వాసన వస్తే చాలు. కాపాడతాననుకున్న నేనే చాడీలు చెప్పేదాన్నయ్యాను.

నాగవేణి నన్ను అటక ఎక్కించింది. కిటికీ దగ్గరకు వెళ్ళడం మానేసి, కట్టేసినట్టు పొయ్యి ముందే నిలబడి వండేది. రెండు నెలలు ఒక్క మెతుకు మాడలేదు. ఆ సంతోషంలో, శ్రావణ శుక్రవారం తలంటుకుని, అచ్చంగా దేవుడి కోసమే నన్ను దించి ధూపం వేసింది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం మాడింది?"

"ఏమీ మాడలేదండీ. శుక్రవారం కదా."

మూతలన్నీ ఎత్తి చూశాడు. ముద్దపప్పు, గుత్తివంకాయ, చారు. గిన్నెలు పైకెత్తి అడుగులు చూశాడు. బూడిదకుప్పను కర్రతో కెలికాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకే ఆయన మొహం ఎర్రబడింది.

"ఎక్కడ దాచావ్?"

చేతికి దగ్గరగా ఉన్నది నేను. నిప్పులు గదంతా చెదిరాయి. ఆమె భుజం ఎముకకు తగిలి నా అంచు సొట్టపోయింది. నేను ఇత్తడిని, పట్టుకున్నవాడి చెయ్యి ఎటు పోతే అటు పోతాను. అది సాకని నాకూ తెలుసు. ఆయన అన్నం ముట్టకుండా బడికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి హైమావతమ్మ కొంగు చాటున ఏదో పట్టుకుని వచ్చింది.

"నిమ్మతొక్కలమ్మాయ్. నీళ్ళలో వేసి మరగబెట్టు. మాడు వాసన సాంబ్రాణికి పోదు, దీనికైతే పోద్ది. ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నాను."

ఎప్పట్నుంచో! అంటే ఆమెకు మొదటి బుధవారం నుంచీ తెలుసు. వాసన తెలుసు, ఆ వెనక గోడ దాటి వచ్చే చప్పుడూ తెలుసు.

నాగవేణి ఆ తొక్కలు అందుకోలేదు. "ఇవాళ ఏమీ మాడలేదు పిన్నిగారూ" అంది.

హైమావతమ్మ మూతల్లేని గిన్నెల వంక చూసింది. నిమ్మతొక్కలు మళ్ళీ కొంగులో చుట్టుకుని, తల ఎత్తకుండా వెళ్ళిపోయింది.

వాసన పోతే దెబ్బలు పోతాయని ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరూ నమ్మారు. నేనూ నమ్మాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాగవేణి నేల మీది నిప్పులు ఏరి నీళ్ళు చల్లింది. గిన్నెలకు మూతలు పెట్టింది. సంచిలో రెండు చీరలు సర్దుకుని, తలుపు దగ్గరకు లాగి, బస్టాండు వైపు నడిచింది.

సాయంత్రం మేష్టారు తలుపు తోసేసరికి ఇంట్లో గుత్తివంకాయ వాసన తప్ప మరే వాసనా లేదు. ఆయన ఆమెను పిలవలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఒక్కొక్క గిన్నే ఎత్తి అడుగు చూడటం మొదలుపెట్టాడు.