పదిహేడో మేకు

తాళాలాయన ఇత్తడి రేకును వైసులో బిగించి, సన్న ఉలితో అక్షరాలు చెక్కుతూ 'మళ్ళీ' అనే మాట దగ్గరికి వచ్చి ఆగాడు. పొద్దుటి నుంచి ఇలా ఆగడం ఇది మూడోసారి. మధ్యలో రెండు తాళంచెవులు కోశాడు, ఒక సూట్‌కేసు గడియ బాగుచేశాడు, కారియర్లో అన్నం సగం తిని మూత పెట్టేశాడు. మెట్ల కింద దుకాణం. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ముప్పయ్యేళ్ళుగా కూర్చునే బతుకుతున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తీసిన మనిషే గానీ, వీధిలో ఎదురైతే పలకరించేవాళ్ళు తక్కువ.

రేకు మీద చెక్కాల్సింది టీచరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆదివారం ఉదయాల్లో కొండమీదికి పరుగెత్తే జట్టుకు ఆవిడే పెద్ద. 'మన తోకన్న. అందరినీ దింపి, మరొకరి కోసం మళ్ళీ కొండెక్కినవాడు.' తోకన్న పోయి నెల దాటింది. ఈ సాయంత్రం అయిదింటికి అందరూ కలిసి ఆ రేకును కొండమీది బండకు బిగించాలి.

తోకన్న ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. అన్నేళ్ళ పరుగులో ఒక్కనాడూ చివరి నుంచి రెండోవాడు కాలేదు. చేతకాక కాదు, ఎవరు వెనకబడితే వాళ్ళ వెనక ఉండేవాడు. డాక్టరు పరుగెత్తమన్నాడని వచ్చిన తాళాలాయన మొదటిరోజు సగం కొండలో కూలబడి, తనను వదిలేసి వెళ్ళమన్నాడు. తోకన్న పక్కనే చతికిలబడి, "నాకేం తొందర? నా వెనకాల ఎవరూ లేరుగా" అన్నాడు. ఆ మాటతో తాళాలాయనకు జీవితంలో ఆదివారమంటూ ఒకటి వచ్చింది. వారమంతా ఎవరికీ పట్టని మనిషిని అక్కడ పదహారుమంది ఆటపట్టించేవారు. ఆయనకు అంతకంటే ఏం కావాలి?

కొండ కింద కావలిగది గోడకు ఒక చెక్కపలక, దానికి పదిహేడు మేకులు ఉంటాయి. అంకెలు వేసిన ఇనుప బిళ్ళలను తాళాలాయనే చేసిచ్చాడు. చివరిదైన పదిహేడోది తోకన్నది. ఎక్కేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి, దిగాక తగిలించాలి. ఏ మేకు ఖాళీగా ఉన్నా ఒక్కరూ ఇంటికి కదలకూడదు. జట్టుకు ఉన్నది ఆ ఒక్క నియమమే.

తోకన్న పోయిన ఆ ఆదివారం పదిహేడు మేకులూ నిండాయి. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మేకలు కాసేవాడికి పై మలుపులో తోకన్న పడిపోయి కనిపించాడు. ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే గుండె ఆగకపోయేదని డాక్టరు అన్నాడు. బిళ్ళ మేకుకే ఉంది కదా, దిగినవాడు ఎవరి కోసమో మళ్ళీ ఎక్కాడని అందరూ అనుకున్నారు. ఆయన స్వభావానికి ఆ మాట అతికినట్టు సరిపోయింది.

మూడింటికి తోకన్న భార్య వచ్చింది. స్టూలు మీద కూర్చుని, చెక్కినంత వరకు వేలితో తడుముతూ చదివింది. బాగుందంది. ఇంకా చెక్కని చోట వేలు ఆపి మళ్ళీ అంది.

"త్వరగా వచ్చెయ్యమని ఆ పొద్దున చెప్పి పంపాను. సరేనన్నాడు. కిందిదాకా దిగినవాడు మళ్ళీ ఎక్కాడంటే, ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని గుర్తే లేదన్నమాట. నెల్లాళ్ళుగా పోయిన మనిషితో పోట్లాడుతున్నాను."

తాళాలాయన ఉలి కింద పెట్టాడు. చెబితే ఆదివారాలు పోతాయి. చెప్పకపోతే ఈవిడ జీవితాంతం ఆ పోట్లాటలోనే ఉంటుంది.

"ఆయన దిగలేదు వదినా. బిళ్ళ తగిలించింది నేను."

మిగతాది నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఎవరిదో ఇంటి తాళం తీయాలని ఆ రోజు తను తొందరలో ఉన్నాడు. మలుపులో తోకన్న రాయి మీద కూర్చుని, 'నా బిళ్ళ కూడా తగిలించెయ్, లేకపోతే వాళ్ళంతా నా కోసం ఎండలో కూర్చుంటారు, మెల్లగా ఇంటికెళ్ళిపోతాను' అన్నాడు. బిళ్ళ ఇచ్చిన చెయ్యి చల్లగా తగిలింది. ఒంట్లో ఎలా ఉందని తను అడగలేదు. తన వెనక నెలల తరబడి నడిచిన మనిషి కోసం ఒక్క నిమిషం నిలబడలేదు.

ఆవిడ రేకు మీది నుంచి చెయ్యి తీసుకుంది.

"అయితే ఇంటికే వస్తున్నాడు" అంది. కళ్ళు తుడుచుకుని లేచింది. "నిన్నేమనాలో నాకు తెలియదు. ఆ బిళ్ళ తెచ్చి నాకివ్వు. వాళ్ళందరి ముందే తియ్యి."

అయిదింటికి తాళాలాయన వట్టి చేతులతో కొండ కిందికి వెళ్ళాడు. రేకేదని టీచరమ్మ అడిగింది. ఆయన పలక దగ్గర నిలబడి, వదినతో చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు, ఒక్క ముక్క దాచుకోలేదు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ దగ్గరికి కూడా రాలేదు. ఆయన పదిహేడో బిళ్ళ తీసి జేబులో వేసుకుని, ఇంక తనకక్కడ పని లేదనుకుని తిరిగాడు.

"ఎక్కడికి?" అంది టీచరమ్మ. ఆవిడ గొంతులో దయ లేదు. "మేకు ఖాళీగా ఉంది. ఒకరు రావాలి ఇంకా."

ఆవిడ గట్టు మీద కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. తాళాలాయన కూడా ఆ చివర, కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఎండ వాలి పలక మీదికి వచ్చింది. పదిహేడో మేకు కింద, ఇన్నాళ్ళూ బిళ్ళ వేలాడిన చోట, గుండ్రటి తుప్పు మరక ఉంది.