ఉతికినకొద్దీ ఇరుకైన ఇల్లు

కుళాయిలో నీళ్ళు రాగానే ఆ ఇంట్లో పని మొదలయ్యేది. బొంతలు కుట్టే దుకాణం నుంచి వచ్చిన కొత్త గుడ్డ తానుని అత్త ముందు ముక్కుకి ఆనించుకుని వాసన చూసేది. మిల్లువాళ్ళు గంజి ఎంత దట్టించారో ఆ వాసనతోనే ఆవిడకి తెలిసిపోయేది. తర్వాత తాను విప్పి, అంచుల్లో పోగులు ఊడిపోకుండా పొడుగు కుట్లు వేసి, ముదురు రంగులు ఒక తొట్టిలో, లేత రంగులు ఇంకో తొట్టిలో నానేసేది. మేనకోడలు నీళ్ళు పట్టేది, జాడించేది, ఆరేసేది. గుడ్డ ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీకి తెచ్చేది.

"ఎండిపోయిన గుడ్డా, ఎండిపోయిన మనిషీ ఒకటేనే. ఎంత రుద్దినా ముడత పోదు" అనేది అత్త.

బల్ల కింద పాత దుప్పటి పరిచి, ఇస్త్రీ అయిన భాగాన్ని నేలకి తగలకుండా దాని మీదకి జారవిడిచేవాళ్ళు. చివర్లో మడత పెట్టకుండా అట్టగొట్టానికి చుట్టేసేవాళ్ళు. మడత పెడితే మళ్ళీ గీత పడుతుంది, బొంతలో ఆ గీత జన్మకి పోదు.

ఇంత హైరానా ఎందుకంటే, కొత్త గుడ్డని ఉతక్కుండా బొంత కుడితే మొదటిసారి తడిసినప్పుడు పై గుడ్డ ఒకలా, అడుగు గుడ్డ ఒకలా కురచైపోతాయి. బొంత మొత్తం ముసలి మొహంలా ముడుచుకుంటుంది. అందుకని ఆ కురచయ్యేదేదో ముందే కానిచ్చేస్తారు. ఎక్కడైనా అంతే. కానీ ఈ ఇంట్లో ఉతికితే గుడ్డ కురచయ్యేది కాదు, ఇల్లు కురచయ్యేది.

ఎన్ని మూరల గుడ్డ లోపలికెళ్తే అన్ని మూరలూ బయటికొచ్చేవి. తగ్గాల్సిన ఆ బెత్తెడో జానెడో గోడలు తీసుకునేవి. వీధిలో ఇది అందరికీ తెలిసిందే. "ఈసారి పెద్ద ఆర్డరు తగిలినట్టుంది, మీ గడప అటు జరిగిందే!" అని పలకరించి పోయేవాళ్ళు. పక్కింటాయన, రెండిళ్ళ మధ్యా ఏటా పెరుగుతున్న సందులో పూలకుండీలు పెట్టుకున్నాడు. ఈ మధ్య ఒక కుర్చీ కూడా వేసుకున్నాడు.

మేనకోడల్ని అందరూ పొడుగమ్మాయి అనేవాళ్ళు. అమ్మా నాన్నా పోయాక చిన్నపిల్లగా ఈ ఇంటికి వచ్చినప్పుడు అందులో పరిగెత్తి ఆడుకునేంత చోటుండేది. ఆమె ఏటా పెరుగుతూ వచ్చింది, ఇల్లు ఏటా తరుగుతూ వచ్చింది. ఇప్పుడు ముప్పై దాటిన మనిషి, కాళ్ళు ముడుచుకుంటే తప్ప పడుకోలేదు. నిద్రలో పక్కకి తిరగాలంటే ముందు లేచి కూర్చోవాలి. ఇస్త్రీ పెట్టె వెనక్కి లాగిన ప్రతిసారీ మోచెయ్యి గోడకి తగిలేది. అలా తగిలీ తగిలీ అక్కడ సున్నం ఊడి ఇటుక కనిపించేది. ఆవిరి పోయే దారిలేక మధ్యాహ్నానికల్లా ఇద్దరూ ఉడికిన దుంపల్లా అయ్యేవాళ్ళు.

ఇల్లు తగ్గినప్పుడల్లా తలుపు బిగుసుకుపోయేది. అప్పుడు వడ్రంగి రావాలి. తలుపు అంచు చిత్రిక పట్టాలి, మంచం కాళ్ళూ పట్టెలూ కోయాలి, బీరువా తలుపులు తీసేయాలి. ఆ ఇంటి రంపప్పొట్టుతో ఎన్నాళ్ళైనా పొయ్యి వెలిగించుకోవచ్చని అతను నవ్వేవాడు.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు పెద్దలు. మీ ఇంట్లో ఆలి లేదు కాబట్టి సగం సుఖమే పెద్దమ్మా" అన్నాడోసారి.

"మర్కటం ఇప్పుడే వచ్చిందిగా, రంపం పట్టుకుని" అంది అత్త, ఇస్త్రీ మీంచి తల ఎత్తకుండా.

అత్త పొట్టి మనిషి, గుండ్రంగా ఉండేది. ఒక వానాకాలం ఊపిరాడనంత పని వచ్చింది. బట్ట వెనక బట్ట ఉతుకుతూనే ఉన్నారు. వానలు తగ్గాక ఒకరోజు అత్త వీధరుగు మీద కూర్చుందామని బయల్దేరితే తలుపు దగ్గర ఆగిపోయింది. అడ్డంగా తిరిగి చూసింది, ఊపిరి బిగబట్టి చూసింది. పట్టలేదు. వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి గోడ కొట్టించబోయాడు. ఇటుక తీసినకొద్దీ పక్క ఇటుకలు దగ్గరికి జరిగి ఆ కంతని పూడ్చేశాయి. మేస్త్రీ చేతులు దులుపుకుని టీ తాగి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ అత్త లోపలే. మేనకోడలు పక్కకి తిరిగి, మెడ వంచి, ఇంకా తలుపులోంచి వెళ్ళొచ్చేది. సరుకులు తేవాలన్నా, ఉతికిన బట్ట డాబా మీద ఆరేయాలన్నా, దుకాణానికి చేర్చాలన్నా ఆమే. ఒక ఎండాకాలం ఉతకడం మానేసి చూశారు. ఇల్లు తరగలేదు, పెరగనూ లేదు. ఇద్దరూ ఈగలు తోలుకుంటూ ఒకరి మోకాళ్ళొకరికి తగులుతూ కూర్చున్నారు. నాలుగో వారానికి అత్తే, "ఎలాగూ ఇరుకే. చేతినిండా పనైనా ఉండనీ" అని తొట్టి కడిగింది.

వీధంతా బొంతలమ్మ అని పిలిచే దుకాణం ఆవిడ, ఆ యేడు నది అవతల ఊళ్ళో ఇంకా పెద్ద కార్ఖానా పెట్టింది. ఇస్త్రీ అయిన బట్ట తీసుకెళ్ళినప్పుడు పొడుగమ్మాయిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఉతికే పని చూసుకోడానికి నువ్వే రావాలి. పెద్ద రేకుల షెడ్డు. తాను మొత్తం ఒక్క దండెం మీద ఆరేసుకోవచ్చు. ఇస్త్రీ బల్ల చుట్టూ నడవొచ్చు. ఉండటానికి పక్కనే గది. అక్కడ గుడ్డ మామూలుగానే కురచవుతుంది, ఆ నష్టం నాకు లెక్కలేదు. ఏమంటావు?"

"అత్త ఒక్కతే అండీ" అంది పొడుగమ్మాయి.

"తీసుకురావే, ఇద్దరికీ గదుంది."

"తను తలుపులో పట్టదు."

బొంతలమ్మ నిట్టూర్చి, "సోమవారం దాకా చూస్తాను" అంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు పొడుగమ్మాయి. కానీ రెండు రోజులుగా ఏ పనీ సరిగ్గా చేయలేదు. బల్ల చుట్టూ నడవొచ్చు అన్న మాట చెవిలో దూరి కూర్చుంది. లేతరంగు తొట్టిలో ఎర్రగుడ్డ వేసింది. తెల్లటి అంచు మీద ఇస్త్రీ పెట్టె పెట్టి మర్చిపోయి మాడ్చింది. మూడోరోజు తలుపు చిత్రిక పట్టడానికి వచ్చిన వడ్రంగి, "మరి షెడ్డుకి ఎప్పుడు వెళ్తున్నావు?" అని అత్త ముందే అడిగేశాడు. కార్ఖానా బల్లలు చేస్తున్నది అతనే.

అతను వెళ్ళాక అత్త అడిగింది.

"నాతో చెప్పలేదేం?"

"చెప్పి ఏం లాభం?"

"వెళ్తానని చెప్పొచ్చుగా."

"ఎలా వెళ్తానత్తా?" పొడుగమ్మాయి గొంతు పెరిగింది. లేచి నిలబడబోయి తల కప్పుకి కొట్టుకుంది. దాంతో ఇంకా కోపం వచ్చింది. "నువ్వు బయటికి రాలేవు. నేను వదిలేసి పోలేను. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇలాగే రోజుకింత ముడుచుకుంటూ ముడుచుకుంటూ ఏదో ఒకరోజు ఇద్దరం ఈ గోడల మధ్య..." మిగతాది మింగేసింది.

అత్త ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి, స్విచ్చి తీసేసింది. చేతిలోని గుడ్డని అరచేత్తో సవరించింది.

"తల గట్టిగా తగిలిందా?" అంది.

"లేదు."

"ఇటు రా, చూస్తాను."

పొడుగమ్మాయి తల వంచింది. అత్త జుట్టు పాయలు తీసి చూసి, ఉబ్బినచోట కొంగు ముద్దచేసి నోటి ఆవిరి పట్టింది, చిన్నప్పుడు చేసినట్టు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

సోమవారం పొద్దున అత్త ఆమెకి మూడు గొట్టాల ఇస్త్రీ బట్ట ఇచ్చి దుకాణానికి పంపింది. "అవి ఇచ్చేసి, దారాల కొట్టు దగ్గర నీలంలో నాలుగు రకాలు చూపించుకుని రా. తొందరేం లేదు. నచ్చకపోతే ఇంకో కొట్టుకి వెళ్ళు" అంది. ఎప్పుడూ "ఇట్టే వెళ్ళి అట్టే రా" అనే మనిషి అలా ఎందుకందో పొడుగమ్మాయికి తట్టలేదు. బయట గాలి తగిలితే చాలనుకుంటూ వెళ్ళింది. నాలుగు నీలాలూ వెతికి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది.

వీధి కాలవ నిండా సబ్బునురగ పారుతోంది. పక్కింటాయన కుర్చీ ఇంకాస్త విశాలంగా వేసుకుని కూర్చున్నాడు.

"పొద్దుట్నుంచీ మీ అత్త ఉడుకునీళ్ళు పోస్తూనే ఉందమ్మా. అడుగుగుడ్డల పెద్ద తాను, ఆ వెడల్పుది, మొత్తం ఒక్కసారే వేసింది" అన్నాడు.

ఇల్లు బడ్డీకొట్టంత అయింది. తలుపు జానెడు వెడల్పుంది. పొడుగమ్మాయి భుజం పెట్టి తోసింది. చెయ్యి భుజందాకా వెళ్ళి ఆగిపోయింది. కిటికీ దగ్గర వడ్రంగి తలొంచుకుని ఒక చెక్కకి మేకులు కొడుతున్నాడు.

"నన్ను తిట్టకు. పెద్దమ్మ పొద్దున్నే కబురుపెట్టి కిటికీకి అరుగులా చెక్క కావాలంది. నేను చెక్కే కొట్టాను, ఇల్లు తగ్గించలేదు" అన్నాడు.

కిటికీలోంచి అత్త కనిపించింది. ఒక పీట మీద కూర్చుని, ఎదురుగా చిన్న బల్ల మీద ఇస్త్రీ చేస్తోంది. మొహమంతా చెమట.

"అత్తా! ఏం చేశావు?"

"కనబడట్లేదా? ఉతికాను."

"నేను లోపలికెలా రావాలి?"

"రావద్దు."

పొడుగమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుంది. అత్త వెనక్కి చెయ్యి చాపి ఒక్కొక్కటే అందుకుని కొత్త చెక్క మీద పెట్టసాగింది. పొడుగమ్మాయి బట్టలన్నీ, ఉతికి, గీత లేకుండా ఇస్త్రీ చేసినవి. చెప్పులు కాగితంలో చుట్టి ఉన్నాయి. దువ్వెన కూడా ఉంది.

"బస్సు మూడింటికి. బొంతలమ్మకి వడ్రంగి చేత కబురుపెట్టాను" అంది అత్త.

"ఒక్కదానివే ఎలా బతుకుతావు?"

"ఒక్కదాన్నే కాబట్టి బతుకుతాను. కూర్చున్నచోటి నుంచి పొయ్యి అందుతోంది, కుళాయి అందుతోంది, ఆ మూల స్నానాలగది చూడు, చేతికర్ర కూడా అక్కర్లేదు. కూరలమ్మాయి ఈ చెక్క మీదే సరుకు పెట్టి పోతానంది. ఇక తానులూ అవీ ముట్టుకోను. వీధిలోవాళ్ళ జేబురుమాళ్ళు, దిండు గలీబులు చేసిపెడతాను. అవి ముందే ఉతికి ఉతికి ఉన్నవి, వాటికి వెంట్రుకవాసి కూడా తగ్గదు ఇల్లు."

"నువ్వు బయటికెలా వస్తావు మరి? ఎప్పటికీ రావా?"

అత్త ఇస్త్రీ పెట్టె కింద పెట్టింది.

"బయటికి రావాలని నేనెప్పుడైనా అన్నానా? ఆ మాట అన్నది నువ్వు. ఎప్పుడూ నువ్వే." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ఇల్లు నాకు సరిగ్గా సరిపోయిందే. నీకే, పొట్టిదైపోయి చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు గౌను పొట్టిదైతే ఆ రోజే విప్పేసి కొత్తది తొడిగేదాన్ని. ఇల్లు పొట్టిదైతే మాత్రం చూస్తూ ఊరుకున్నాను. నువ్వుంటే నాకు బాగుంటుందని."

పొడుగమ్మాయి ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి పెట్టింది. అత్త ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. ఇస్త్రీ వేడికి అరచేతులు కాలిపోతున్నాయి. వీధిలో వాళ్ళు ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నట్టు నటించారు. పక్కింటాయన ఒక పూలకుండీని అటునుంచి ఇటు జరిపి, మళ్ళీ అటు పెట్టాడు.

"వెళ్ళు. బస్సు పోతే ఇవాళ ఎక్కడ పడుకుంటావు? నా ఇంట్లో చోటు లేదు" అంది అత్త.

వడ్రంగి మూట భుజానికెత్తుకుని బస్సుదాకా వచ్చాడు. దారిపొడుగునా పొడుగమ్మాయి ఏడుస్తూనే ఉంది. బస్సెక్కి కూర్చున్నాక కూడా ఏడ్చింది. నది మీద వంతెన దాటుతుంటే కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. అప్పుడు ఏడుపు ఆగిపోయింది. ఆగినందుకు తన మీద తనకే కాస్త కోపం వచ్చింది.

మొదటి సెలవు దొరకడానికి నెల పైనే పట్టింది. ఆ రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చిన పొడుగమ్మాయిని అత్త కిటికీలోంచి కిందనుంచి పైదాకా చూసింది. షెడ్డు ఎలా ఉందనీ, తిండి ఎలా ఉందనీ అడగలేదు.

"ఆ చున్నీ ఎవరు చేశారే ఇస్త్రీ?"

"నేనే."

"సిగ్గులేదూ? అంచు మీద మడత చూడు, కాలవలా ఉంది. అంత బల్ల ఉండి ఏం లాభం? ఇటివ్వు దాన్ని."

పొడుగమ్మాయి పైన కప్పుకున్న చున్నీ తీసి చెక్క మీద పెట్టింది. అది లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి నీళ్ళు చిలకరించిన చప్పుడు, తడిగుడ్డ మీద వేడి తగిలిన చిన్న చుయ్‌మన్న చప్పుడు వినిపించాయి. ఆమె ఎండలో, గోడకి వీపు ఆనించి, కాళ్ళు రెండూ వీధిలోకి బారజాపుకుని కూర్చుంది. సైకిలు మీద వచ్చినవాడెవరో ఆ కాళ్ళని చుట్టి తిప్పుకుని పోయాడు.