పడుగు ఆరేదాకా

మోత్కూరు అవతల నేతవాళ్ల వాడలో ఆండాళు ఇల్లుంది. ఆ ఇంటి వెనక గదికి కిటికీ లేదు. నడుమ రెండో మగ్గం గుంట. కొడుకు శ్రవణ్‌కుమార్ నేత మానేసి పట్నంలో కొలువు చూసుకున్నాక, ఆ గుంట మీద పలకలు పరిచి సెనోవారాకు, ఆమె ఇద్దరు పిల్లలకు చోటిచ్చింది. సెనోవారాది బర్మా. అక్కడ ఊరు తగలబడితే మొగుణ్ని పోగొట్టుకుని పారిపోయి వచ్చింది. హైదరాబాదులో వేసుకున్న గుడిసె కూడా కాలిపోయింది. ఇక్కడ పత్తిమిల్లులో పని దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. శరణార్థి కార్డు చూడగానే ఇంటివాళ్ల మొహాలు మాడిపోయేవి.

అది మనుషులుండే గది కాదని ఆండాళుకు తెలుసు. పోలీసుల కంట పడకుండా తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి, పిల్లలు గట్టిగా నవ్వకూడదు. ఇదా నేనిచ్చిన ఇల్లు అని సిగ్గుపడేది. అంతకంటే మంచిది ఇస్తానని ఊళ్లో ఒక్కరూ అనలేదు. నీతులు చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

వాళ్లలో ముందుండేది కులపెద్ద అయిలేశం.

"ఆమెను పంపియ్యి వదినా. రేపేమన్న అయితె వాడంత మాట పడాలె."

"యాడికి పంపాలె? జాగా నువ్విస్తవా?"

అయిలేశం ఆ కోపం మనసులో దాచుకున్నాడు. ఆండాళు, ఆమె భర్త వెంకటనర్సు పడుగుకు, అంటే మగ్గమెక్కే నిలువు పోగులకు, గంజి పట్టే పొద్దున అది బయటపడింది. పడుగును వీధి పొడుగునా సాగదీయాలంటే ఎప్పుడూ వాడంతా చెయ్యేసేది. ఆ రోజు ఒక్కరూ గడప దాటలేదు. పడుగు చివర కట్టే గుంజ అయిలేశం వాకిట్లో ఉంటుంది. దాన్ని పీకేశాడు. నూలు అప్పటికే గంజిలో తడిసింది. సాగదీసి కుంచెతో దువ్వకపోతే పోగులు అతుక్కుపోయి, నూలంతా పనికిరాకుండా పోతుంది.

ఆండాళు ఒక కొస పట్టుకుని నిలబడింది. రెండో కొస పట్టే దిక్కు లేదు. వెంకటనర్సు కుంచె పట్టుకుని బిక్కమొహం వేశాడు.

సందులోంచి సెనోవారా వచ్చింది.

"నువ్వు లోపలికి పో బిడ్డా. అందరు చూస్తున్నరు," అంది ఆండాళు.

"చూడనీ అమ్మా," అంటూ సెనోవారా వెళ్లి, సరిగ్గా అయిలేశం వాకిటి ముందు రెండో కొస కర్ర పట్టుకుని వెనక్కి వాలి నిలబడింది. పడుగు బిగిసింది. వెంకటనర్సు కుంచె కదిలింది. అయిలేశం ఫోను చెవికి పెట్టుకున్నాడు.

కాసేపటికి బండి మీద కానిస్టేబుల్ వచ్చాడు. "కార్డు చూపియ్యి," అన్నాడు.

కార్డు గదిలో ఉంది. చెయ్యి వదిలితే పడుగు దుమ్ములో పడుతుంది. సెనోవారా వదల్లేదు.

"ఈమె ఉంటున్నట్టు ఠాణాల చెప్పినవా అమ్మా?" అని ఆండాళును అడిగాడు.

"చెప్తె ఉండనిస్తరా సారు?"

"నా చేతుల లేదు. ఇయ్యాల ఖాళీ చేయించి పట్నం పంపుడే."

"పడుగు ఆరినంక ఇద్దరం ఠాణాకు వస్తం. జర ఆగుండ్రి," అంది ఆండాళు.

సరేనని అతను అయిలేశం అరుగు మీద కూర్చున్నాడు.

కాపురానికి వచ్చిన నాటి నుంచీ, పడుగు సాగదీసిన ప్రతి పొద్దూ ఎండ తొందరగా రావాలని మొక్కిన మనిషి ఆండాళు. ఆ పొద్దు రెక్కలు పీకుతున్నా, మబ్బు కమ్మాలని, ఈ నూలు ఎన్నటికీ ఆరకూడదని మొక్కుకుంది. ఎండ చుర్రుమని కాసింది.