పొద్దుటి మనిషి

రెబెకా ఆ ఇంట్లో పనికి కుదిరి ఏడాదిన్నర అయింది. తార్నాకలో, యూనివర్సిటీ గోడకు దగ్గర్లో ఉన్న అపార్టుమెంటు. శ్రీనివాసరావు సారు ఆ యూనివర్సిటీలోనే భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, అనంతపురం వైపు ఆయన. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆ తర్వాత మతి కూడా చెదిరింది. కూతురు భార్గవి అక్కడే కామర్సు చెబుతుంది. ఆమె క్లాసులకు వెళ్లాలి గనక పొద్దున ఏడు నుంచి రెండు దాకా ఆయన్ను రెబెకా చూసుకుంటుంది. లేపడం, దొడ్డికి తీసుకెళ్లడం, గడ్డం గీయడం, స్నానం, మందులు, అన్నం.

ఆయన కొడతాడు. కుడిచేతిలో బలం కాస్త కూడా తగ్గలేదు. వేళ్లు దొరికితే మెలిపెడతాడు, మొహాన ఉమ్ముతాడు, అంత చదువుకున్న నోటినుంచి ఆ బూతులు ఎలా వస్తాయో తెలీదు. ఒకసారి స్టీలు చెంబుతో కొడితే రెబెకా చెంప వాచి వారం రోజులు నల్లగా ఉండిపోయింది. చర్చిలో అడిగినవాళ్లకు తలుపు తగిలిందని చెప్పింది. భార్గవి ఐసు గుడ్డలో చుట్టి ఇచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, చివరికి ఎప్పుడూ అనే మాటే అంది. నాన్న తెలిసి చేసేది కాదు, మనసులో పెట్టుకోవద్దు. పనికి పంపిన ఏజెన్సీ అతనికి ఫోను చేస్తే, పేషెంట్లు అట్లనే ఉంటరు, నువ్వే అడ్జస్టు కావాలె అన్నాడు.

రెబెకా మనసులో పెట్టుకోలేదు గానీ అది ఒంట్లో పేరుకుపోయింది. తార్నాక స్టాపు వస్తుందనగానే గుండె దడదడలాడేది. రెండుసార్లు దిగలేక తర్వాతి స్టాపు దాకా పోయి వెనక్కి నడిచి వచ్చింది. లాలాగూడలో ఇంటి దగ్గర కూతురు ఎస్తేరు జడ వేయమని వెనకనుంచి భుజం తడితే, ఒక్క అరుపు అరిచి ఆ పిల్ల చెయ్యి విసిరికొట్టింది. పదో తరగతి పిల్ల. ఆ రోజు నుంచి ఏదడగాలన్నా గుమ్మం దగ్గరే నిలబడి అడుగుతోంది.

ఇదంతా ఎలాగో ఓర్చుకునేదే. మధ్యాహ్నం పూటకు పూజ వచ్చాక ఓర్చుకోవడం చేతకాలేదు.

పూజకు ఇరవై నాలుగేళ్లు. మల్కాజ్‌గిరి నుంచి వస్తుంది. మొదటి రోజు రెండు గంటలకు ఆ పిల్ల గదిలోకి అడుగుపెట్టగానే సారు తలెత్తి చూసి, "రా తల్లీ, కూచో" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న రెబెకా ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయింది. ఏడాదిన్నరలో ఆయన తనను ఒక్కసారి అలా పిలవలేదు. కడిగిందీ తుడిచిందీ తను. తన్నులు తిన్నదీ తనే.

ఆ మాట ఆమెను వదల్లేదు. ఒకరోజు డ్యూటీ దిగి కూడా ఇంటికి పోకుండా కింద మెడికల్ షాపు పక్కన నిలబడింది. నాలుగింటికి పూజ సారును వీల్‌చైర్లో తోసుకుంటూ బయటికి వచ్చింది. వాళ్లకు కాస్త వెనగ్గా రెబెకా యూనివర్సిటీ లోపలికి నడిచింది. చెట్ల కింద రోడ్డు పక్కన ఒక బండరాయి దగ్గర కుర్చీ ఆగింది. సారు ఆ రాయి మీద అరచెయ్యి ఆనించి పూజకు పాఠం చెబుతున్నాడు. ఇది రెండువందల యాభై కోట్ల ఏళ్ల రాయట. పూజ అబ్బో అని బుగ్గన వేలేసుకుంటే ఆయన పకపకా నవ్వాడు. ఆయనకు నవ్వడం వచ్చని రెబెకాకు అప్పుడే తెలిసింది. చదువుకునే పిల్లలు పక్కనుంచి పోతూ తనను వింతగా చూస్తుంటే, కొంగుతో మొహం తుడుచుకుని గేటు వైపు తిరిగింది. ఆ పిల్ల దగ్గర ఏముంది? తెల్లటి మొహమా? మెత్తటి మాటా? తను మెత్తగా మాట్లాడలేదా?

అప్పటినుంచి ఆమె పూజతో ముక్తసరిగా ఉండేది. ఒక్క సంగతి మాత్రం కావాలనే దాచింది. సారుకు ఎడమవైపు ఏం జరుగుతున్నదీ తెలీదు. అటునుంచి చెయ్యి వేస్తే ఎవరో మీద పడ్డట్టు బెదిరి కొడతాడు. ఎప్పుడూ కుడివైపు నిలబడి, ముందు పేరు చెప్పి, తర్వాతే ముట్టుకోవాలి. ఆ సంగతి రెబెకా ఎన్నో దెబ్బలు తిని నేర్చుకుంది. ఊరికే ఎందుకు చెప్పాలి అనుకుంది.

కొన్నాళ్లకు భార్గవిని ఒక కోరిక కోరింది. కూతురికి పరీక్షలు, పొద్దున ఇంట్లో ఉండాలి, రెండు వారాలు మధ్యాహ్నం పూట చేస్తానంది. పరీక్షలు నిజమే. కానీ ఆమెకు కావలసింది ఆ పిలుపు. పూజ ఏమీ అనుమానించలేదు. దానికేముంది అక్కా, పొద్దున పూట నేను చూసుకుంటలే అంది.

సోమవారం రెండింటికి రెబెకా తలుపు తీసింది. సారు ఉతికిన లాల్చీలో, కడుపు నిండి, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి, "రా తల్లీ" అన్నాడు.

 నాలుగింటికి రెబెకా కుర్చీ తోసుకుంటూ క్యాంపస్‌లోకి తీసుకెళ్లింది. ఆ బండరాయి దగ్గరే ఆగారు. ఆయన చుట్టూ చూసి, ఆమెను వంగమని సైగ చేసి, రహస్యంగా చెప్పాడు.

"పొద్దున్నే ఒకామె వస్తాది తల్లీ. గుడ్డలిప్పి నీళ్లు పోస్తాది. కత్తి పెట్టి మొహం గీకుతాది. నాకు భయం. నువ్వు ఆమెను రానీవద్దు."

"ఎట్లుంటది సార్ ఆమె?" అని అడిగింది రెబెకా.

ఆయన ఆలోచించాడు. "మొహం గుర్తులేదు" అన్నాడు.

రెబెకా ఆ రాయి మీదే కూలబడింది. ఆయన ద్వేషించింది తనను కాదు, పూజ మీద ప్రేమ కూడా లేదు. పొద్దున ఎవరొచ్చినా ఆయనకు శత్రువే, మధ్యాహ్నం ఎవరొచ్చినా తల్లే. అది తెలిసీ, ఆ నాలుగు రోజులూ ఆయన తల్లీ అన్నప్పుడల్లా ఆమె ఒళ్లు పులకరించింది. పూజ మొహం రోజురోజుకీ వాడిపోతుంటే చూసింది. ఎడమవైపు సంగతి ఇప్పుడైనా చెప్పాలనుకుంది. రేపు చెబుతాననుకుంది.

శుక్రవారం వచ్చేసరికి బాత్రూం గుమ్మం దగ్గర నేలంతా తడి, మూల నెత్తుటి తుండుగుడ్డ. పూజ ఎడమవైపు నుంచి తల తుడవబోతే ఆయన బెదిరి కుడి పిడికిలితో మూతి మీద కొట్టాడు. పెదవి చీలిందని, మూడు కుట్లు పడ్డాయని భార్గవి చెప్పింది. వార్త విన్న క్షణంలో రెబెకాకు ముందు కలిగింది సంతోషం. నీకూ తెలిసిందా అనిపించింది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. కానీ ఉన్నది నిజం, దాన్ని తలుచుకుని సిగ్గుపడి ఆమె ఆ నెత్తుటి గుడ్డను తనే ఉతికింది.

భార్గవి యథాప్రకారం, నాన్నకు తెలీదు కదా అని మొదలుపెట్టింది. రెబెకా ఈసారి తలూపలేదు.

"సారుకు తెల్వదు మేడమ్, నిజమే. నా ఒంటికి తెలుసు గదా. మీ స్టాపు కాడ బస్సు దిగాలంటే నాకు కాళ్లు రావు. నా బిడ్డ ముట్టుకుంటే ఉలికిపడుతున్న."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పిన మేడమ్. మీరు ఐసు ఇచ్చిన్రు."

 మర్నాడు భార్గవి తనే తండ్రికి స్నానం చేయిస్తానని దిగింది. మూడో రోజుకు ఆమె గాజు పగిలి మణికట్టు తెగింది. ఆ రోజు క్లాసులు మానేసి, తలుపేసుకుని కూర్చుంది. తర్వాత డాక్టరును పిలిపించింది. రోజూ తలమీద నీళ్లు పోయనక్కర్లేదని, తడిగుడ్డతో తుడవడం చాలని, స్నానం చేయించినప్పుడు ఇద్దరుండాలని ఆయన చెప్పాడు. మందు కూడా మార్చాడు. ఏడాదిన్నర కిందటే ఎవరైనా అడిగి ఉంటే అప్పుడే చెప్పి ఉండేవాడు.

ఈలోపు ఆదివారం చర్చి అయ్యాక రెబెకా మల్కాజ్‌గిరి వెళ్లింది. పూజ రెండు గదుల ఇంట్లో మంచం మీద కూర్చుని గ్లాసుతో జావ తాగుతోంది. ఎడమవైపు సంగతి తనకు ముందే తెలుసని, కావాలనే చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా రెబెకా దాచకుండా చెప్పింది.

పూజ గ్లాసు కింద పెట్టింది. "ముసలాయన నన్ను తల్లీ అన్నడని?" అంది. "దానికే?"

"దానికే."

పూజ గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్లమ్మ టీ తెచ్చేలోపు రెబెకా లేచి వచ్చేసింది.

రెండు వారాలకు పూజ పనిలోకి వచ్చింది. భార్గవి ఫోను చేసి, ఇద్దరు కలిసే స్నానం చేయించాలన్న కొత్త ఏర్పాటు చెప్పి పిలిచిందట. వచ్చింది గానీ రెబెకాతో పనిమాట తప్ప మాట లేదు. కుడివైపు నిలబడు, గుడ్డ ఇవ్వు, అంతే. అలా నెల గడిచింది. ఒకరోజు బకెట్టు ఎత్తుతూ పూజ తనంతట తనే అంది.

"బస్సు ఎక్కాలంటేనే నాకు చెమటలు పడుతున్నయ్. నీకు గూడ అట్లనే అయ్యేదని మేడమ్ చెప్పిన్రు. ఏం చేసినవ్?"

ఏమీ చేయలేదని రెబెకా ఒప్పుకుంది. ఆ శనివారం భార్గవిని అడిగి సెలవు తీసుకుని, ఇద్దరూ పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. వరసలో రెండు గంటలు కూర్చున్నాక ఒకరి తర్వాత ఒకరిని పిలిచారు. ఇలా దెబ్బలు తిన్నవాళ్లకు ఈ దడ, ఈ ఉలికిపాటు రావడం మామూలేనని, తగ్గుతుందని, నెల నెలా రమ్మని ఆమె చెప్పింది.

డాక్టరమ్మ పూజతో పావుగంట మాట్లాడింది, రెబెకాతో పది నిమిషాలే. గోడ గడియారం చూస్తూ రెబెకా అది కూడా లెక్కపెట్టింది. బయటికొచ్చాక తన బుద్ధికి తనకే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నవని పూజ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసింది. పూజ కుట్లు మానినా ఇంకా లాగే పెదవిని చేత్తో పట్టుకుని మరీ నవ్వింది.