ఏ నెలలో రావాలి

తోలుసంచిలో గుర్రం పాలు కర్రతో చిలుకుతూనే బురుల్చా జవాబు చెప్పింది. జూన్‌లో అయితే పూలు, జూలైలో ఎండా, ఈ పాలు పులిస్తే వచ్చే కుమిస్సూ, వాన గొడవ వద్దనుకుంటే సెప్టెంబరు. అడిగింది ఎవరో జర్మనీ ఆవిడ, మీ కొండల దేశానికి ఏ నెలలో వస్తే బాగుంటుందని. తొమ్మిదేళ్లుగా ఇలాంటి ఉత్తరాలకు జవాబు రాసేది బురుల్చాయే. పెళ్లికి ముందు బళ్లో ఇంగ్లీషు చెప్పింది కదా, ఆ చదువు ఇప్పుడు ఇందుకు పనికొస్తోంది. సోన్‌కూల్ సరస్సు ఒడ్డున యాత్రికుల బసకు ఆరు గుడారాలు, బోర్డు మీద పేరు భర్త జొల్దోష్‌ది. రొట్టెలు, పరుపులు, పేడ పొయ్యిలు, పద్నాలుగు మంది అతిథుల అంట్లు ఆమెవి.

ఆ మంగళవారం మాత్రం ఫోన్ ఆమె చేతికి రాలేదు. పొద్దున్నే సిగ్నల్ దొరికే గుట్ట మీదికి వెళ్లొచ్చిన జొల్దోష్, నీ చేతులు తడిగా ఉన్నాయి, నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాడు. రాయడం అయ్యాక ఫోన్ జేబులో పెట్టుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"ఆదివారం వీళ్లు వెళ్లిపోతారుగా. ఆ రోజే మీ అమ్మ దగ్గరికి పోదాం."

బురుల్చా చిలకడం ఆపేసింది. రెండు కనుమల అవతల, తలాస్‌లో ఉన్న తల్లిని ఈ తొమ్మిదేళ్లలో ఆమె చూసింది రెండుసార్లు. ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్న ఆమె కూడా అడుగుతూనే ఉంది. వసంతంలో అడిగితే గొర్రెలు ఈనుతున్నాయి, ఇప్పుడేం పుట్టిల్లు అనేది అత్తగారు. ఎండాకాలం అతిథులు. ఆ తర్వాత ఎండుగడ్డి, బంగాళదుంపలు. చలికాలం వచ్చేసరికి అందరికీ తీరికే, కానీ కనుమలో మంచు. కిందటి ఏడాది తల్లి ఫోన్‌లో, నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే రావే, నేనెక్కడికి పోతాను అంది. ఆ మాటకు బురుల్చా పేడ పిడకల చాటున కూర్చుని ఏడ్చింది.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. జొల్దోష్ ఆమె చేతిలోంచి నీళ్ల బకెట్ అందుకున్నాడు. అత్తగారు తన చేత్తో టీ పోసి, "తాగు అమ్మాయ్, చిక్కిపోయావు," అంది. అడగ్గా అడగ్గా అందరి మనసులూ ఒక్కసారే మెత్తబడ్డాయనుకుంది పిచ్చిది. తల్లికి పళ్లు లేవు కదా, చప్పరించడానికి వీలుగా పెరుగు ఉండలు చిన్నచిన్నవి చేసి ఎండబెట్టింది. ఎర్రపూల తలగుడ్డ ఒకటి మడిచి పెట్టింది. రొట్టె వత్తుతూ పాడుకుంది కూడా. పెళ్లయ్యాక అంత సంతోషంగా గడిచిన వారం ఆమెకు ఇంకొకటి లేదు.

ఆదివారం చివరి కారు దుమ్ము ఇంకా అణగలేదు, పక్క పచ్చికల నుంచి పెద్దవాళ్లు గుర్రాలు దిగారు. ఆడవాళ్లు వచ్చి ఆమెకు చెరో పక్కన కూర్చుని మోచేతులు పట్టుకున్నారు. అప్పుడే ఆమెకు అర్థమైంది. చావు కబురు అలాగే చెబుతారు వాళ్లలో, మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, పెద్దల నోటితో. తల్లి పోయిందని చెప్పారు. బురుల్చా అరుపు విని కట్టేసిన గుర్రాలు బెదిరాయి.

ఆమె ఒకటే అడిగింది. "ఏ రోజు?"

"మంగళవారం," అంది అత్తగారు. "దూరాన ఉన్నవాళ్లకి కబురు సమయం చూసి చెప్పాలమ్మా. మన పద్ధతి అదేగా. వెంటనే చెబితే గుండె ఆగిపోదూ?"

పద్ధతి మంచిదే. దాని సమయాన్ని అతిథుల బసతో కొలవమని ఏ పెద్దలూ అనలేదు. గురువారం పాతిపెట్టారట. శవమున్న గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చే చోటు కూతురిది. తల్లికి ఉన్నది ఒక్కతే కూతురు. ఆ చోటు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఇక్కడ రొట్టె వత్తుతూ పాడుకుంటోంది.

కారులో వెనక సీట్లో కూర్చుంది, ఒళ్లో పెరుగు ఉండల సంచి. తీసుకెళ్లి ఎవరికివ్వాలో తెలియదు, వదలాలనీ అనిపించలేదు. జొల్దోష్ నడుపుతూ మెల్లిగా చెప్పుకొచ్చాడు, గురువారం కొత్తవాళ్లు దిగుతున్నారు, బుధవారానికి తిరిగొచ్చేస్తే మంచిదని. గుట్ట ఎక్కగానే ఫోన్ మోగింది. జర్మనీ ఆవిడ సెప్టెంబరు ఖాయం చేసుకుందట. అలవాటు కొద్దీ అతను ఫోన్ వెనక్కి చాపాడు.

"నువ్వే ఏదో ఒకటి రాసెయ్."

ఐదు రోజుల తర్వాత ఫోన్ ఆమె చేతికి వచ్చింది. బురుల్చా ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసింది. "సెప్టెంబరు చాలా బాగుంటుందండీ. కానీ ఇక్కడ వంట చేసే మనిషి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. ఏ నెలలో తిరిగొస్తుందో ఇంకా చెప్పలేదు."