ట్యాంకులో గుడ్డపేలిక

నాకు నోటిదురద ఎక్కువ. బానెట్ ఎత్తకముందే బండి రోగం చెప్పేస్తాను, తప్పెవరిదో కూడా చెప్పేస్తాను. పానగల్ మూలమీద పదిహేనేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఇన్నేళ్లలో నా మాట తప్పని ఎవరూ అనలేదు.

మొన్న పొద్దున జానయ్య సారు తన పాత అంబాసిడర్‌ను ట్రాక్టర్‌కు కట్టించి లాక్కొచ్చారు. ఆయన రిటైరైన బడిపంతులు. భార్య బిక్షమ్మ పోయి ఏడాదైంది. అప్పటినుంచీ ఆ కారు ఎవరూ ముట్టలేదు.

"అమ్మేస్త నరహరీ. భువనగిరాయన కొంటనన్నడు. జర ట్యాంకు కడిగియ్యి. వాడు పోయించిన కచరా డీజిల్ ఇంక అండ్లనే ఉన్నది," అన్నారు.

వాడంటే కొడుకు వీరేశం. కొడుకు పేరు పలకడం మానేసి కూడా ఏడాదే.

ఆ రోజు గుండెనొప్పితో ఉన్న తల్లిని, తోడుగా తండ్రిని ఎక్కించుకుని వీరేశం ఈ కారులోనే నల్గొండ దవాఖానకు బయల్దేరాడు. ఊరు దాటగానే బండి ఆగింది. ఫోన్ చేస్తే నేను మోటార్‌సైకిల్ మీద పరుగెత్తాను. డీజిల్ పైపు ఊడదీసి నోటితో గట్టిగా ఊదితే బండి లేచింది. అంతటితో ఊరుకోవచ్చు కదా? "డీజిల్‌ల కచరా ఉన్నది. తక్కువ ధరల దొరికిందని ఏడ పోయించినవ్‌రా?" అని తండ్రి ముందే అరిచాను. నా షెడ్డు దాటి చెరువు కట్ట ఎక్కాక బండి మళ్లీ ఆగింది. 108 వచ్చేలోపే బిక్షమ్మ ప్రాణం పోయింది. దినాలు కాగానే సారు కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు వీరేశం నల్గొండలో కిరాయి గదిలో ఉంటున్నాడు.

ట్యాంకు దించి, అడుగు నట్టు విప్పి డీజిల్‌ను బేసిన్‌లోకి వంపాను. దోసిట్లో పట్టి వేళ్ల మధ్య రుద్ది చూశాను. ఇసుక లేదు, నీళ్లు లేవు. ఏడాది నిలవ వాసన తప్ప వంక పెట్టడానికేమీ లేదు. లోపల తుప్పు రాలాలని కిరోసిన్ పోసి, పిడికెడు కంకర వేసి ఊపాను. కంకర గలగలలాడాలి. మెత్తగా ఏదో అడ్డం పడుతోంది.

తీగను కొక్కెంలా వంచి లాగితే నల్లటి ముద్ద వచ్చింది. పిండాను. గుడ్డ. మడత విప్పితే ఎరుపు మీద తెల్లపూలు, వరస తప్పి ఒక పక్కకు జరిగి ఉన్నాయి.

మిగతా మెకానిక్కులు బనియన్ ముక్కలు కొంటారు. నాకా అవసరం లేదు. మా బాపు గండయ్య నేతపని చేస్తాడు. నూలుకు ముడులు కట్టి రంగు అద్దిన పోగు మగ్గం మీద కాస్త జరిగినా పువ్వు చెడుతుంది, అలాంటి గుడ్డను ఎవరూ తీసుకోరు. ఆ ముక్కలన్నీ నా షెడ్డుకే వస్తాయి. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా ఈ గుడ్డ ఉండదు.

అప్పుడు గుర్తొచ్చింది. బిక్షమ్మ పోవడానికి నెల ముందు, డీజిల్ ఎంతుందో చూపే ముల్లు కదలడం లేదని సారు అంటే, ట్యాంకులో దాన్ని కదిలించే ఫ్లోటు మార్చాను. మధ్యలో టీకి పోతూ, దుమ్ము పడకుండా ఫ్లోటు తీసిన రంధ్రంలో గుడ్డ కుక్కాను. తిరిగొచ్చి చూస్తే లేదు. గాలికి పోయిందనుకుని ఫ్లోటు బిగించేశాను. అది ట్యాంకులో పడి, నెల రోజులు ఏ మూలనో ఉండి, ఆ రోజే వచ్చి పైపు మూతికి అంటుకుంది. నేను ఊదితే పక్కకు జరిగింది. మళ్లీ వచ్చి అంటుకుంది.

సారు ఎదురుగా పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నారు. గుడ్డను బ్యాటరీల వెనక్కి తోసేశాను. అవును, తోసేశాను. దాచుకుని ఏం లాభం, ముందు నేను చేసిన పని అదే.

"ట్యాంకులకెల్లి ఏమెల్లింది నరహరీ?"

అంత నోటిదురద ఉన్నవాణ్ని, వినపడనట్టు ట్యాంకు ఊపి కంకర గలగలలాడించాను.

"ఏమెల్తది, వాని పాపమే ఎల్లింటది," అన్నారు ఆయనే. "తల్లిని మింగినోడు."

తప్పు నాది, నింద వేసిన నోరూ నాది, మోస్తున్నది మాత్రం వీరేశం. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గుడ్డ తీసుకెళ్లి ఆయన ముందు పట్టుకున్నాను.

"డీజిల్ మంచిదే సారు. గిది నా గుడ్డ. ముల్లు బాగుజేసిన్నాడు నేనే ట్యాంకుల మరిచిన."

ఆయన తిట్టలేదు. కొట్టినా బాగుండేది. గుడ్డను అందుకుని ఆ పూలను బొటనవేలితో చాలాసేపు రుద్దారు.

"ట్యాంకు ఎక్కియ్యి," అన్నారు. "వాని కాడికి పోదాం. ఆనాడు నా ముంగట చెప్పినవ్ గద. ఇయ్యాల వాని ముంగట చెప్పు."

ట్యాంకు ఆరబెట్టి బిగించేసరికి సాయంత్రమైంది. చెరువు కట్ట మీదికి వచ్చినప్పుడు గేరు తగ్గించాను. బండి ఆగితే బాగుండని కూడా అనిపించింది. బండి ఒక్క దగ్గు కూడా దగ్గకుండా కట్ట దాటింది. పక్క సీట్లో సారు తలగుడ్డతో మొహం కప్పుకున్నారు.

వీరేశం గడపలో నిలబడే నేను చెప్పిందంతా విన్నాడు. తండ్రి "బిడ్డా" అని చెయ్యి చాపారు. వీరేశం ఆ చెయ్యి పట్టుకున్నాడు కానీ, చూపు మాత్రం గుడ్డ మీదే ఉంది.

"అన్నా," అన్నాడు చివరికి. "ఆ దినం నువ్వు బండి లేపి అటు పోంగనే అమ్మ ఒక మాటన్నది. 'నరహరి దేవునోలె వచ్చిండురా, వాని కడుపు సల్లగుండ' అన్నది. అటెనుక మల్ల మాట్లాడలే."